సొట్ట కంచం

మొన్న శనివారం అమ్మ నన్ను తణుకులో స్టీలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది అనడం మర్యాదకి, నిజానికి మోయించింది. ఇంట్లో పాతబడిన గిన్నెలూ, మూతలు పోయిన డబ్బాలూ, డబ్బాలు పోయిన మూతలూ ఒక గోనెసంచిలో వేసి నా భుజాన పెట్టింది. అవన్నీ తూకానికి వేసి, బదులుగా కొత్త ఇడ్లీ పాత్ర తెచ్చుకోవాలని ఆవిడ సంకల్పం. కొట్టాయన ఒక్కొక్కటే తీసి కాటా మీద పడేస్తుంటే అమ్మ ప్రతి గిన్నెకీ ఆఖరి చూపు చూస్తోంది. ఈ చెంబు ఎప్పుడు కొన్నదీ, ఆ గరిటె ఎవరు పెట్టిందీ ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన "ఆయ్, ఆయ్" అంటూ వింటున్నాడు. ఈ కొట్లో రోజుకి పదిమంది ఆడవాళ్ళ జీవిత చరిత్రలు వినే మనిషి కాబట్టి ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంతలో అమ్మ ఉన్నట్టుండి కాటా మీద చెయ్యి పెట్టి, కుప్ప మధ్యలోంచి ఒక కంచం లాగేసింది. గిన్నెలన్నీ దడదడా కింద పడ్డాయి. పొరపాటున వచ్చిందండి ఇది, అంది. కొట్టాయన దాన్ని చూశాడు. ఒక పక్క అంచు లోపలికి వంగిపోయి, అన్నం తినేవాళ్ళని చూసి వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది ఆ కంచం. పాపం మంచివాడు, చిన్న సుత్తి తీశాడు. "రెండు దెబ్బలేస్తే సాపైపోద్దండి. ఊరికే చేసిస్తాను, ఇలా ఇవ్వండి."

అమ్మ కంచాన్ని గుండెకి అదుముకుంది. "వద్దులెండి. అలా ఉంటేనే బాగుంటుంది," అంది.

ఆయనకి అర్థం కాలేదు. అర్థం అయ్యేలా చెప్పాలంటే నేను ఏడేళ్ళు వెనక్కి వెళ్ళాలి, ఆయనకేమో అవతల బేరాలున్నాయి. అందుకని మీకు చెబుతున్నాను.

ముందుగా ఆ సొట్ట గురించి. అది నా పనే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు క్రిస్మస్ క్యారల్స్‌కి మా వీధి పిల్లల జట్టులో డప్పు లేకపోతే, నేను వంటింట్లోంచి ఈ కంచమూ పచ్చడి బండా తీసుకెళ్ళి, రక్షకుడి పుట్టుకని ఊరంతా వినిపించేలా వాయించాను. పాట మూడో చరణంలో ఉండగా కంచం లోపలికి పోయింది. ఆ పండక్కి నాకు కేకు ఆలస్యంగానూ, దెబ్బలు ముందుగానూ అందాయి. అప్పట్నించి ఆ కంచం అటక మీదకీ కాదు, వాడకానికీ కాదు అన్నట్టు కంచాల స్టాండులో చివర్న నిలబడి ఉండేది.

మాది తణుక్కి దగ్గర్లో కాలవ గట్టున ఉన్న ఊరు. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది గానీ, చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆ పదవిని ఆవిడ ఎంత సీరియస్‌గా తీసుకుంటుందంటే, మీటింగు ఉన్న రోజున నాన్న కాఫీ కూడా అర్జీ పెట్టుకున్నట్టే అడుగుతాడు. వీళ్ళు కాక మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ. ఎనభై దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. నేను అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఒక ప్రకటన చేశారు. జర్మనీలో మన సంఘానికి స్నేహ సంఘం ఒకటి ఉందనీ, అక్కణ్ణించి ఒక అమ్మాయి చదువు కోసం ఇక్కడికి వస్తోందనీ, ఆర్నెల్లు ఉంటుందనీ చెప్పారు. ఆ అమ్మాయి చదువు నీళ్ళ గురించి. మా కాలవ చివరి పొలాలకి దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు ఎందుకు సరిగా అందవో పరిశోధన చేస్తుందట. ఈ సంగతి తెలుసుకోడానికి జర్మనీ నుంచి మనిషి రావడం మా రైతులకి వింతగా అనిపించింది. కారణం వాళ్ళకి ముందే తెలుసు, ఎవరూ అడగలేదంతే. హాస్టల్లో ఉంటే ఊరు తెలీదు కాబట్టి ఎవరైనా కుటుంబం ఇంట్లో పెట్టుకుంటారా అని పాస్టరు గారు అడిగారు. చర్చంతా తల వంచుకుంది. అది ప్రార్థన అనుకునే వీలుంది. అమ్మ చెయ్యెత్తింది. పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్న నాన్న పక్కన చెయ్యి లేవడం చూసి, ఎందుకో తెలుసుకోకుండానే తనూ ఎత్తాడు. అలా మా ఇంట్లో ఏకగ్రీవం అయింది.

పాస్టరు గారు ఒక్క షరతు పెట్టారు. నెల రోజులయ్యాక ఆదివారం నాడు ఆ అమ్మాయినే అడుగుతాననీ, కుదిరితే అక్కడే ఉంటుందనీ, కుదరకపోతే ఎవరూ ఏమీ అనుకోకుండా రాజమండ్రిలో హాస్టలుకి మార్చేస్తాననీ. ఎవరూ ఏమీ అనుకోకుండా అన్న మాట ఆయన కొత్తగా వచ్చిన పాస్టరు కాబట్టి అన్నారు. మా ఊళ్ళో అలా కుదరదు. ఆ అమ్మాయి వెళ్ళిపోతే స్త్రీల సమాజంలో అమ్మ తల ఎత్తుకోలేదు, అది ఒక సంగతి. రెండోది అమ్మ ఎవరికీ చెప్పలేదు గానీ నాకు తెలుసు. ఆవిడ పదో తరగతి పాసయింది. పాసైన సంవత్సరమే పెళ్ళయింది. ఆవిడ చూసిన అతి దూరదేశం విశాఖపట్నం, అదీ మామ్మ కళ్ళ ఆపరేషను కోసం. నాన్న స్కూలు నుంచి తెచ్చిన పాత అట్లాసు మాత్రం బీరువాలో చీరల కింద పెట్టుకుంది. ప్రపంచం తన ఇంటికే వస్తానంటే ఎవరు మాత్రం చెయ్యెత్తరు.

ఆపైన మా ఇల్లు పెళ్ళివారిల్లయింది. నా గది ఆ అమ్మాయికి పోయింది, నేను మామ్మ గురక పక్కకి మారాను. గోడలకి రంగు వేయించారు. స్నానాల గదిలో కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి పెట్టించారు. మేస్త్రి దాన్ని బిగించాక మా వీధి మగాళ్ళు నలుగురు వచ్చి చూసి, తలాడించి వెళ్ళారు. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మ రాజమండ్రి వెళ్ళి నీలం పూల పింగాణీ ప్లేటు ఒకటి, గాజు గ్లాసు ఒకటి, ఫోర్కు, స్పూను కొనుక్కొచ్చింది. అవి హాల్లో అద్దాల బీరువాలో, నాన్నకి ఉత్తమ ఉపాధ్యాయుడిగా వచ్చిన జ్ఞాపిక పక్కన కూర్చున్నాయి. ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ వాటిని ముట్టుకోడానికి వీల్లేదు. నేనొకసారి ఆ ప్లేటులో జాంకాయ ముక్కలు పెట్టుకుంటే అమ్మ నా చేతిలోంచి లాక్కున్న తీరు చూస్తే, నేను పుట్టినప్పుడు కూడా నన్ను అంత జాగ్రత్తగా ఎత్తుకుని ఉండదు.

ఆ అమ్మాయి వచ్చింది. ఇరవైరెండేళ్ళు, మా గుమ్మం కంటే పొడుగు. లోపలికి వంగి వస్తూ నమస్కారమండి అంది. నాన్న ముప్ఫై ఏళ్ళ ప్రశ్నపత్రాల ఇంగ్లీషునంతా కూడదీసుకుని, దయచేసి ఆసీనులు కండి అన్నాడు. ఆ తరువాత ఆయన దగ్గర ఇంగ్లీషు అయిపోయింది. దుబాసీ పని నాకు పడింది. అమ్మ ఆ అమ్మాయిని ఏకవచనంలో పిలవడానికి ఒప్పుకోలేదు. "వారు కాఫీ తాగుతారేమో అడుగు" అనేది నాతో, వారు ఎదురుగా కూర్చుని నవ్వుతుండగా.

భోజనం సంగతి చెప్పాలి. మామూలుగా మా ఇంట్లో భోజనాల బల్ల మీద దినపత్రికలూ, ఇస్త్రీ బట్టలూ, నాన్న దిద్దాల్సిన పేపర్లూ భోంచేస్తాయి. మేం మా స్టీలు కంచాలు పట్టుకుని ఎవరికి వీలైన చోట వాళ్ళం తింటాం. ఆ అమ్మాయి కోసం బల్ల ఒక మూల ఖాళీ చేశారు. ఇంటికొచ్చిన మనిషికి ముందు పెట్టాలి, మనం తరువాత తినాలి, అది మా వైపు పద్ధతి. కాబట్టి ఆ అమ్మాయి నీలం పూల ప్లేటు ముందు ఒక్కతే కూర్చునేది. అమ్మ గరిటెతో ఒక పక్క నిలబడేది. నాన్న ఫ్యాను రెగ్యులేటరు దగ్గర. మామ్మ కుర్చీలో. నేను తలుపుకి ఆనుకుని. ఆ అమ్మాయి ముద్ద ఎత్తితే నాలుగు తలలు పైకి లేచేవి, మింగితే నాలుగు తలలు దిగేవి. ఎవరన్నా కొత్తవాళ్ళు చూస్తే ఆపరేషన్ జరుగుతోందనుకునేవారు.

నేను ఆ అమ్మాయికి మొదట నేర్పిన తెలుగు మాట 'చాలు'. పాపం వెంటనే వాడింది. కానీ మా జిల్లాలో మొదటి చాలుకి విలువ లేదు. అది మొహమాటం కింద జమ. రెండోదానికి గరిటె ఒక్క క్షణం ఆగుతుంది. మూడోసారి ప్లేటు మీద చేతులు అడ్డం పెట్టి, ప్లేటుతో సహా వెనక్కి జరిగితే, అప్పుడు కూడా చేతుల సందులోంచి వెయ్యచ్చు. ఈ వివరం నేను చెప్పడం మర్చిపోయాను. మర్చిపోయాననే చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ. చూడ్డానికి సరదాగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పని ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు. రెండో వారంలో ఒక పొద్దున్న ఆ అమ్మాయి తన ప్లేటు తనే తీసుకెళ్ళి పెరట్లో కుళాయి కింద కడుగుతుంటే, ఎదురింటావిడ గోడ మీంచి చూసింది. అమ్మ పరిగెత్తుకెళ్ళి ప్లేటు లాక్కుంది. ఆ అమ్మాయి చేతులు సబ్బు నురగతో గాల్లో అలాగే ఉండిపోయాయి. అమ్మ ప్లేటుని తనే మళ్ళీ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అద్దాల బీరువాలో పెట్టి తలుపు వేసింది. ఆ అమ్మాయి ఆ తలుపు కేసి కొంచెం ఎక్కువసేపే చూసింది. నేనది చూశాను. ఏదో చెప్పబోయి, కాలేజీకి టైమవుతోందని వెళ్ళిపోయాను.

సాయంత్రాలు నేను ఆ అమ్మాయితో కాలవ గట్టుకి వెళ్ళేదాన్ని. గీతలు గీసిన కర్ర ఒకటి నీళ్ళలో దించి లోతు చూసేది. ఎండు కొబ్బరి డొక్క ఒకటి నీళ్ళలో వదిలి, అది ఈ లాకు నుంచి ఆ రేవు దాకా పోడానికి ఎంతసేపు పట్టిందో రాసుకునేది. గట్టు మీద రైతులు సైకిళ్ళు ఆపి, డొక్క గెలుస్తుందా లేదా అన్నట్టు నిలబడేవారు. అక్కడ ఆ అమ్మాయి వేరే మనిషి. గట్టిగా నవ్వేది, బురదలో దిగేది, నన్ను దింపేది. ఇంటి గేటు దగ్గరికి రాగానే మళ్ళీ వారు అయిపోయేది.

నాలుగో వారంలో ఒకరోజు, డొక్క ఇంకా రేవు చేరకముందే, నన్ను ఒక మాట అడగనా అంది. నీళ్ళ కేసి చూస్తూ అడిగింది. ఈ దేశానికి వచ్చేముందు తను కొన్ని పుస్తకాలు చదివిందట. కొన్నిచోట్ల కొంతమందిని తక్కువ మనుషులుగా చూస్తారనీ, వాళ్ళతో కలిసి తినరనీ, వాళ్ళకి విడిగా గిన్నెలు ఉంచుతారనీ, వాళ్ళు ముట్టుకున్నవి మళ్ళీ కడుక్కుంటారనీ వాటిలో ఉందట. మీ ఇంట్లో నాతో ఎవరూ కలిసి తినరు, అంది. నా ప్లేటు వేరు, గ్లాసు వేరు. నేను కడిగితే మీ అమ్మగారు మళ్ళీ కడిగారు. మీ ఇంట్లో నేను అలాంటి మనిషినా? అయితే నాకు కోపం లేదు, మీ పద్ధతి మీది. కానీ ఆదివారం పాస్టరు గారు అడిగినప్పుడు హాస్టలుకి వెళ్తానని చెప్పేస్తాను, మీ అమ్మగారికి ఈ కష్టం తప్పుతుంది.

నేను నవ్వాను. నవ్వకూడదు గానీ, వచ్చేసింది. మామూలు నవ్వు కాదు, గట్టు మీద కూర్చుండిపోయి నవ్వాను. అమ్మ రాజమండ్రి బస్సులో ఒళ్ళో పెట్టుకుని, గతుకు గతుక్కీ ఊపిరి బిగబట్టి తెచ్చిన ప్లేటు అది. నవ్వు ఆపుకుని తలెత్తేసరికి ఆ అమ్మాయి నన్ను చూస్తోంది. కళ్ళలో నీళ్ళు లేవు, ఉంటేనే నయమనిపించేలా ఉంది ముఖం. డొక్క ఎప్పుడో రేవు దాటిపోయింది, ఇద్దరం టైము రాసుకోలేదు. అది మర్యాద, మీరు గొప్పవాళ్ళని అలా చేస్తున్నాం అని చెప్పాను. తలాడించింది. నమ్మలేదు. నవ్విన మనిషి చెప్పే వివరణ ఎవరు మాత్రం నమ్ముతారు.

ఇంటికెళ్ళి వంటింట్లో ఇదంతా కథలా చెప్పాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఏది జరిగినా నవ్వించేలా చెప్పడం. నాన్న నవ్వాడు. అమ్మ నోరు నొక్కుకుని, ఆ పిల్లకి అంతమాట ఎలా తోచిందని గోల పెట్టింది. చారులో గరిటె వదిలేసి, ఎంత చేశాను, చేతులారా వండి ముందు పెట్టి, మేం తరువాత తిని, అంటూ వరస మొదలుపెట్టింది.

మామ్మ నవ్వలేదు. కుర్చీలోంచి లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "మా నాన్న రైతు గారింట్లో పాలేరు, నీకు తెలుసా పిల్లా," అంది నాతో. తెలుసు, అన్నాను. తెలిసింది ఆ ఒక్క ముక్కే. మేం ఎవరమో, మా పెద్దవాళ్ళు చర్చి దాకా ఎందుకు నడిచారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం మాట్లాడుకోం. మామ్మ గుమ్మం పట్టుకుని చెప్పింది. మధ్యాహ్నం నాన్నకి అన్నం వేళ తనూ వెళ్ళేదిట, నాలుగైదేళ్ళ పిల్ల. పశువుల సావిడి చూరులో ఒక సత్తు పళ్ళెం, సత్తు గ్లాసు దోపి ఉండేవిట. అవి తీసుకుని, తిని, కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి.

"రైతు గారి భార్య మంచిదే," అంది మామ్మ. "కడుపు నిండా పెట్టేది. తినేదాకా నిలబడి చూసేది, ఇంకాస్త వేసుకోండ్రా అనేది. ఆ పళ్ళెం మాత్రం లోపలికి వెళ్ళేది కాదు."

చారు పొంగుతోంది.

"వాళ్ళు చూరులో పెట్టారు, మనం అద్దాల బీరువాలో పెట్టాం. తినేవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుందే."

నేనేదో ఒక మాట అని వాతావరణం తేలిక చెయ్యాలని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. అలా జరగడం అదే మొదటిసారి. జ్వరమేమోనని చెయ్యి చూసుకున్నాను. అమ్మ స్టవ్ కట్టేసి అలాగే నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి భోజనానికి వచ్చేసరికి బల్ల మీద పేపర్లు లేవు. నాన్న పొద్దున్నే వాటిని మంచం మీదకి మార్చాడు. ఆ తరువాత మంచం మీద ఎక్కడ పడుకోవాలన్నది ఆయన సమస్య. నాలుగు కుర్చీలే ఉన్నాయి కాబట్టి నాన్న బియ్యం డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. అమ్మ అలవాటుగా అద్దాల బీరువా వైపు వెళ్ళబోయింది. మామ్మ వద్దంది. తనే స్టాండు దగ్గరికి వెళ్ళి మా కంచాలు తీసి, అయిదోది కావలసి వచ్చి, చివర్న మిగిలిన సొట్ట కంచం తీసి ఆ అమ్మాయి ముందు పెట్టింది. అమ్మ ప్రాణం ఉసూరుమంది.

"అత్తయ్య గారూ, అది సొట్టపోయింది కదండీ. మంచిది తీస్తాను."

"మంచిది అక్కర్లేదు. మనం తినేదీ ఈ స్టీలు కంచాల్లోనే కదా. కూర్చో నువ్వు కూడా."

అమ్మ కూర్చుంది. వడ్డించే మనిషి లేకపోయేసరికి గిన్నెలు బల్ల మధ్యలో పెట్టాం. తోటకూర పులుసు, ఎండు చేపల వేపుడు, పెరుగు. ఆ అమ్మాయికి విడిగా చేసే కారం లేని పప్పు ఆ రోజు చెయ్యలేదు, మా పులుసే వేసుకుంది, ముక్కు ఎర్రబడింది, మళ్ళీ వేసుకుంది. అమ్మ గిన్నె ఎత్తబోతే చాలండి అంది. అమ్మ చెయ్యి ముందుకే పోతుంటే మామ్మ అందుకుంది, చాలంటోంది కదే, ఆపు. మా ఇంట్లో మొదటి చాలుకి విలువ వచ్చిన రోజు అది. ఆ అమ్మాయి వేలితో కంచం సొట్టని తడిమి, ఇదేమైంది అని నన్నడిగింది. రక్షకుడి పుట్టుక గురించి చెప్పాను. ఈసారి ఆ అమ్మాయి నవ్వింది, అందరికంటే గట్టిగా. పెరుగన్నం తిన్నాక తన కంచంతో పాటు మామ్మ కంచం కూడా తీసుకెళ్ళి కడిగింది. అమ్మ కుర్చీ అంచు రెండు చేతులతో పట్టుకుని లేవకుండా కూర్చుంది. ఎదురింటావిడ గోడ మీంచి చూసింది. చూడనీ అనుకున్నాం, కొంచెం కష్టపడి.

ఇక్కడితో అంతా సర్దుకుందని రాసేస్తే బాగుండును. కానీ అమ్మ ఆ 'వారు' వదల్లేదు. కలిసి తినడం ఒప్పుకుంది గానీ భయం పోలేదు. మేం ఇన్నాళ్ళూ చేసిన అవమానానికి ఆ అమ్మాయి ఆదివారం నాడు వెళ్తాననే అంటుందని అమ్మ నమ్మకం. రోజులు లెక్కపెట్టుకుంటోంది. పైగా నేను అడిగి చూస్తే, ఆ అమ్మాయి ఇంకా ఏమీ అనుకోలేదంది.

శనివారం వచ్చింది. సంతలో కొన్న ఎండు రొయ్యల్ని డబ్బాకి ఎత్తేముందు ఇంకొక ఎండ చూపించాలని అమ్మ డాబా మీద చాప పరిచి పోసింది. కాపలాకి మామ్మని కూర్చోబెట్టడం అలవాటు, కానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నేను పరీక్షలకి చదువుతున్నట్టు కనబడుతున్నాను. ఆ అమ్మాయి తను చూస్తానంది. అమ్మ చాలా ఆలోచించి, కర్ర చేతికిచ్చి, గంటసేపు కాకుల్ని తోలితే చాలని నాతో మర్యాదగా చెప్పించింది. అది మా ఇంట్లో ఆ అమ్మాయికి అధికారికంగా ఇచ్చిన మొదటి పని. ఆ అమ్మాయి డాబా మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, ఒళ్ళో కాలవ లెక్కల పుస్తకం తెరిచింది. తరువాత తెలిసిందేంటంటే, ఆ గంటలోనే ఆ అమ్మాయికి తన పరిశోధనలో చాలా రోజులుగా పట్టుబడని లెక్క పట్టుబడిందట. కాకులకి రొయ్యలు కూడా ఆ గంటలోనే పట్టుబడ్డాయి.

అమ్మ డాబా ఎక్కేసరికి చాప మీద రొయ్యల కంటే కాకులు ఎక్కువ ఉన్నాయి. ఆవిడ గొంతు కాలవ అవతలికి వినిపించింది.

"కాలవలన్నీ కొలుస్తావు, కాకిని తోలడం రాదా నీకు? కర్ర ఎందుకిచ్చాను, పక్కన పెట్టుకుని నిద్ర పుచ్చడానికా? బుర్ర ఎక్కడ పెట్టుకు కూర్చున్నావే! లే, లేచి అటు పక్క ఏరు."

ఆ తరువాత ఇంకా చాలా ఉంది. నేను పుట్టినప్పట్నించీ వింటున్న పాఠమే, పేరు మాత్రం మారింది. ఆ అమ్మాయి గబగబా లేచి, మోకాళ్ళ మీద కూర్చుని మిగిలిన రొయ్యలు ఏరడం మొదలుపెట్టింది. సగం తిట్టులో అమ్మకి తను ఎవర్ని తిడుతోందో గుర్తొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మెట్లు దిగి వచ్చి, మామ్మ మంచం మీద కూలబడింది. పోయింది, అంది. ఒక్క పూట ఓర్చుకోలేకపోయాను, రేపు వెళ్ళిపోతుంది. నాన్న మంచినీళ్ళు తెచ్చాడు. ఎవరో పోయినట్టు ఉంది ఇల్లు. పోయినవి ఒక గుప్పెడు రొయ్యలని నేను గుర్తు చేశాను, నన్నూ తిట్టింది.

డాబా మీద ఆ అమ్మాయి నన్ను పట్టుకుంది. మీ అమ్మగారు ఏమన్నారో ఒక్క ముక్క వదలకుండా చెప్పమంది. చెప్పాను. దుబాసీగా నేను నిజాయితీగా పనిచేసింది అప్పుడే. అంతా విని, నిన్ను కూడా ఇలాగే తిడతారా అని అడిగింది. రోజూ, అన్నాను, ఆదివారాలు రెండుసార్లు. ఇవే మాటలా? ఇవే మాటలు, ఒక్కోసారి ఇంకా తక్కువ రకం. తలాడించింది. కర్ర మీద నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో చూసుకున్నాక ఎలా తలాడిస్తుందో అలా. తరువాత, రెండు మూడు ముక్కలు తెలుగులో ఎలా చెప్పాలో నేర్పమని, నన్ను కూర్చోబెట్టుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు రేకుల పందిట్లో అందరూ నిలబడ్డారు. మామూలుగా ఆరాధన అవగానే ఇళ్ళలో కూరలు మాడుతున్నట్టు పరిగెత్తే స్త్రీల సమాజం మొత్తం ఆ రోజు తీరిగ్గా ఉంది. పాస్టరు గారు ఆ అమ్మాయిని ముందుకి పిలిచి, ఎలా ఉందమ్మా అక్కడ, ఉంటావా, హాస్టలుకి వెళ్తావా అని ఇంగ్లీషులో అడిగారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళ గుర్తులు సోమవారం దాకా ఉన్నాయి. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని, అందరికీ వినబడేలా, తెలుగులో చెప్పింది.

"నిన్న అమ్మ నన్ను తిట్టిందండి."

పందిరంతా మా వైపు తిరిగింది. నాన్న చెప్పులు చూసుకోవడం మొదలుపెట్టాడు. పాస్టరు గారి చిరునవ్వు ఎక్కడ వదిలెయ్యాలో తెలియక ముఖం మీదే ఉండిపోయింది.

"కాకులు రొయ్యలు తినేసాయండి. తప్పు నాదేనండి." నేర్చుకున్న ముక్కలు అక్కడికి అయిపోయాయి. ఆ తరువాతది నేను నేర్పింది కాదు. "నేను ఇంట్లోనే ఉంటానండి."

పాస్టరు గారికి సందేహం తీరక మళ్ళీ ఇంగ్లీషులో అడగబోయారు. వెనకనించి, కుర్చీలో కూర్చున్న మామ్మ గొంతు వినబడింది. "ఉంటానంటోంది కదండీ. ఎండగా ఉంది, ఇళ్ళకెళ్దాం."

దారిలో అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నడిచింది. దుమ్ము అంది. అది సిమెంటు రోడ్డు.

ఆ అమ్మాయి ఆర్నెల్లూ ఉంది. ఎండాకాలంలో మరమ్మతులకి కాలవలు కట్టేసినప్పుడు ఎండిన కాలవ మధ్యలో నడుస్తూ కొలతలు తీసుకుంది, మళ్ళీ నీళ్ళు వదిలాక వెళ్ళింది. చివరి పొలాలకి నీళ్ళు ఎందుకు రావో వంద పేజీల్లో రాసింది. మా రైతులు మొదటిరోజు గట్టు మీద చెప్పిందే, బొమ్మలతో. వెళ్ళే ముందు రోజు కూడా అమ్మ చేత తిట్లు తింది, తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు. నీలం పూల ప్లేటు ఇప్పుడు గులాబీ కుండీ కింద ఉంది. నీళ్ళు కారకుండా బాగా పట్టుకుంటుంది.

మామ్మ పోయి మూడేళ్ళయింది. కబురు తెలిసి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చిన తెలుగు నాలుగు ముక్కలూ మర్చిపోయింది, అమ్మకి ఇంగ్లీషు రాదు, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను దుబాసీగా ఫోన్ దగ్గరికి వెళ్తే అమ్మ నన్ను అవతలికి పొమ్మంది.

మొన్న కొట్టు నుంచి బస్సులో వస్తుంటే ఇడ్లీ పాత్ర అమ్మ ఒళ్ళో, సొట్ట కంచం నా ఒళ్ళో. కండక్టరు కంచాన్ని చూసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా టికెట్ ఇచ్చాడు. ఇంటికి రాగానే అమ్మ దాన్ని కడిగి, స్టాండులో మామ్మ కంచం పక్కన పెట్టింది. ఇంట్లో మనుషులం ముగ్గురం, కంచాలు అయిదు. కాలం దానిపాటికది వచ్చిన సామానంతా తూకానికి వేసుకుంటూ పోతుంది, దాన్ని తప్పు పట్టను, అది దాని వ్యాపారం. మధ్యలో చెయ్యి పెట్టి, ఇది పొరపాటున వచ్చిందండి అని ఒకటో రెండో వెనక్కి లాక్కోవడం మాత్రం మా అమ్మ లాంటివాళ్ళ పని.